అమెరికా కోర్టుల్లో ఎవరి భయం చెల్లుతుంది?

అమెరికాలో ఒకడు ఇంకొకడిని కాల్చి చంపి 'నా ప్రాణం కాపాడుకోవడానికే కాల్చాను' అంటే, చట్టం ముఖ్యంగా అడిగే ప్రశ్న ఇది. ఆ పరిస్థితిలో మామూలు మనిషి ఎవరైనా అలాగే భయపడేవాడా? ఏ రాష్ట్ర చట్టంలోనూ ఇవాళ రంగు మాట ఉండదు. కానీ ఆ భయం సబబా కాదా అని తేల్చేది మనుషులు: ముందు పోలీసులు, తర్వాత ప్రాసిక్యూటర్ (ప్రభుత్వం తరఫున కేసు నడిపే లాయరు), ఆపైన జ్యూరీ (దోషా కాదా అని తేల్చే మామూలు పౌరులు). నల్లజాతీయులకు అన్యాయం జరుగుతూ వచ్చింది ఎక్కువగా అక్కడే.

సీలియా కేసుతో మొదలుపెట్టాలి. మిస్సోరీలోని కాలవే కౌంటీలో రాబర్ట్ న్యూసమ్ అనే రైతు ఆమెను బానిసగా కొన్నప్పుడు ఆమెకు పద్నాలుగేళ్లుంటాయి. ఐదేళ్లపాటు ఆమెపై అత్యాచారం చేస్తూనే ఉన్నాడు. 1855 జూన్‌లో ఆమె గర్భంతో ఉంది, ఒంట్లో బాగాలేదు. ఇక తన జోలికి రావద్దని చెప్పినా వినకుండా ఒక రాత్రి ఆమె గుడిసెలోకి వచ్చాడు. కర్రతో కొట్టింది, చచ్చిపోయాడు. భయంతో శవాన్ని పొయ్యిలోనే కాల్చేసింది. ఏ స్త్రీనైనా బలవంతంగా చెరచడం నేరమని ఆ రాష్ట్రంలో 1845 నుంచే చట్టం ఉంది. బానిస కూడా స్త్రీయే కాబట్టి ఎదిరించే హక్కు ఆమెకూ ఉందని లాయర్లు వాదించారు. జడ్జి విలియం హాల్ ఆ సంగతి జ్యూరీకి చెప్పడానికే ఒప్పుకోలేదు. పన్నెండుమంది తెల్ల మగవాళ్లు ఆమెను దోషి అన్నారు. కోర్టులో తన గోడు తన నోటితో చెప్పుకునే అవకాశం సీలియాకు దొరకనే లేదు. డిసెంబర్ 21న ఉరి తీశారు.

వీలుంటే వెనక్కి తగ్గు, దారి లేనప్పుడే చెయ్యి ఎత్తు అనేది ఇంగ్లండ్ నుంచి వచ్చిన పాత సూత్రం. సొంతింట్లో మాత్రం ఆ బాధ్యత ఉండదు. 1876లో ఒహాయో, మరుసటి ఏడాది ఇండియానా సుప్రీంకోర్టులు దీన్ని సడలించాయి. తప్పు చేయనివాడు పారిపోనక్కర్లేదన్నాయి. అదే తరంలో, అంతర్యుద్ధం ముగిసీ ముగియగానే, మిసిసిపి రాష్ట్రం లైసెన్స్ లేని నల్లవాళ్లు తుపాకి పెట్టుకోవడాన్ని నేరం చేసింది. అంటే నిలబడి ఎదిరించే హక్కు ఒక వర్గానికి పెరుగుతున్న రోజుల్లోనే, ఇంకో వర్గం చేతిలో ఉన్నదాన్ని లాక్కున్నారు.

ఈ చరిత్రలో నన్ను బాగా ఆపేసేది 1925 నాటి డెట్రాయిట్. ఓషియన్ స్వీట్ అనే నల్లజాతి డాక్టర్ తెల్లవాళ్లుండే గార్లండ్ వీధిలో ఇల్లు కొన్నాడు. దిగిన మర్నాటి రాత్రే ఇంటి ముందు వందల మంది చేరారు. పోలీసులు అక్కడే ఉన్నారు, రాళ్లు పడుతూనే ఉన్నాయి. ఇంట్లోంచి తుపాకులు పేలాయి. ఒక తెల్లవాడు చనిపోయాడు. డాక్టర్, ఆయన భార్య సహా పదకొండుమంది మీద హత్య కేసు పెట్టారు. బయట గుంపే లేదని సాక్షులు వరసగా చెప్పుకొచ్చారు. ఒక కుర్రాడు 'చాలామంది' అని మొదలుపెట్టి, గతుక్కుమని 'కొద్దిమంది' అని దిద్దుకున్నాడు. డిఫెన్స్ లాయర్ క్లారెన్స్ డారో గుచ్చి గుచ్చి అడిగితే, అలా చెప్పమన్నది ఒక పోలీసు అధికారి అని బయటపడింది.

డాక్టర్ బోనెక్కి, చిన్నప్పటి నుంచి తన జాతి మీద జరిగిన మూకదాడుల గురించి చెప్పాడు. తర్వాతి కాలంలో దేశ సుప్రీంకోర్టుకు వెళ్లిన జడ్జి ఫ్రాంక్ మర్ఫీ దాన్ని సాక్ష్యంగా ఒప్పుకున్నాడు. ఆ రాత్రి ఆ ఇంట్లోవాళ్ల భయం ఎక్కణ్నుంచి వచ్చిందో జ్యూరీ వినాలన్నాడు. మొదటి జ్యూరీ ఎటూ తేల్చలేకపోయింది. 1926 మేలో, అందరూ తెల్లవాళ్లే ఉన్న రెండో జ్యూరీ, డాక్టర్ తమ్ముడు హెన్రీని నిర్దోషి అంది. తర్వాత మిగతావాళ్ల మీదా కేసు ఎత్తేశారు. గొప్ప లాయరు, వినే జడ్జి దొరికితే ఏమవుతుందో ఆ కేసు చూపించింది. ఆ రెండూ లేని నల్లజాతీయులే ఎక్కువ. జార్జియాలో భర్త పోయిన కౌలు రైతు రోసా లీ ఇంగ్రమ్, ఆమె ఇద్దరు కొడుకులకు, పొరుగున ఉండే ఒక తెల్లవాడి చావు కేసులో 1948లో మరణశిక్ష పడింది. దేశమంతా గొడవ చేస్తే అది యావజ్జీవం అయింది. పెరోల్ మీద బయటికి వచ్చేసరికి 1959.

ఇవాళ్టి గొడవకు దగ్గరి మూలం ఫ్లోరిడా 2005లో తెచ్చిన 'స్టాండ్ యువర్ గ్రౌండ్' చట్టం. ఇల్లే కానక్కర్లేదు, నడిరోడ్డు మీద కూడా వెనక్కి తగ్గాల్సిన పని లేదంది. తుపాకి హక్కుల సంఘం ఎన్‌ఆర్ఏ ఒత్తిడితో అది రాష్ట్రం తర్వాత రాష్ట్రం పాకింది. 2012 ఫిబ్రవరి 26న ఫ్లోరిడాలోని శాన్‌ఫోర్డ్‌లో, చేతిలో ఆయుధం లేని పదిహేడేళ్ల నల్లజాతి కుర్రాడు ట్రేవన్ మార్టిన్‌ను, కాలనీలో గస్తీ తిరిగే జార్జ్ జిమ్మర్‌మన్ కాల్చి చంపాడు. ఆరు వారాలకు పైగా అరెస్టే లేదు. చట్టం మా చేతులు కట్టేసిందని పోలీసులు అన్నారు. వెనక్కి తగ్గక్కర్లేదన్న మాట జ్యూరీకి ఇచ్చిన సూచనల్లోనూ ఉంది. 2013 జులైలో అతను నిర్దోషిగా బయటికొచ్చాడు.

అదే రాష్ట్రంలో మరిస్సా అలెగ్జాండర్ అనే నల్లజాతి మహిళ, తనను కొట్టే భర్తను బెదిరించడానికి 2010లో గోడ వైపు ఒక గుండు పేల్చింది. ఎవరికీ గాయం కాలేదు. గ్యారేజీలోకి వెళ్లి తుపాకి తెచ్చుకుంది కాబట్టి ఆమెది నిజమైన భయం కాదన్నాడు జడ్జి. జ్యూరీ 12 నిమిషాల్లో దోషి అంది, 20 ఏళ్ల శిక్ష పడింది. పై కోర్టు దాన్ని కొట్టేసినా, మళ్లీ పెద్ద శిక్ష పడకుండా ఆమె 2014లో ప్రాసిక్యూటర్‌తో రాజీ పడాల్సి వచ్చింది. రెండు కేసులూ ఒకటి కావు, ఒప్పుకుంటాను. కానీ రెండూ నడిపింది ఒకే ప్రాసిక్యూటర్, ఏంజెలా కోరీ.

2005 నుంచి 2010 దాకా ఎఫ్‌బీఐ లెక్కలను అర్బన్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకుడు జాన్ రోమన్ పరిశీలించాడు. తెల్లవాళ్లు నల్లవాళ్లను చంపిన కేసుల్లో దాదాపు 11 శాతం సబబైనవిగా తేలాయి. నల్లవాళ్లు తెల్లవాళ్లను చంపిన వాటిలో ఒక శాతం పైచిలుకు మాత్రమే. ప్రతి కేసులో ఏం జరిగిందో ఆ లెక్కలు చెప్పవని ఆయనే హెచ్చరించాడు. అయినా ఇంత తేడా కొట్టిపారేసేది కాదు.

2020 ఫిబ్రవరిలో జార్జియాలోని బ్రన్స్‌విక్ దగ్గర జాగింగ్‌కు వెళ్లిన నల్లజాతి యువకుడు అహ్మద్ ఆర్బెరీని తెల్లవాళ్లైన తండ్రీకొడుకులు ట్రక్కులో తరిమి కాల్చేశారు. పొరుగువాడొకడు ఇంకో బండిలో వెంటపడి వీడియో తీశాడు. అరెస్టుకు ఆధారం లేదని ఒక ప్రాసిక్యూటర్ లేఖ రాశాడు. అందుకు ఆయన చూపించింది, పౌరులే నేరస్తుణ్ని పట్టుకోవచ్చన్న పాత చట్టాన్ని. అది బానిసత్వం ఇంకా నడుస్తున్న 1863 నాటిది. వీడియో బయటికి రావడంతో 74వ రోజున తండ్రీకొడుకులు అరెస్టయ్యారు. తర్వాత పొరుగువాడూ అరెస్టయ్యాడు. 2021 నవంబర్‌లో, ఒకే ఒక్క నల్లజాతీయుడున్న జ్యూరీ ముగ్గురినీ హంతకులంది. ఆ 1863 చట్టాన్ని జార్జియా అప్పటికే రద్దు చేసింది. 2006లో తెచ్చుకున్న స్టాండ్ యువర్ గ్రౌండ్ చట్టాన్ని మాత్రం అలాగే ఉంచింది.