50 రాష్ట్రాల మారథాన్: కాళ్ళ కంటే ముందు క్యాలెండర్ చూసుకోండి

అమెరికాలో 50 రాష్ట్రాల్లోనూ ఒక్కో మారథాన్ పరిగెత్తాలనే పిచ్చి ఉన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. నేనూ ఆ బాపతే. డాలస్ పక్కన ఉంటాను. శనివారం తెల్లవారుజామున, కొత్తగా పరుగు మొదలుపెట్టిన మన తెలుగువాళ్ళ చేత లాంగ్ రన్ చేయిస్తుంటాను. అక్కడా, ఆఫీసు లంచ్ టేబుల్ దగ్గరా, ఇంటికొచ్చిన చుట్టాల నోటా ఈ విషయం మీద పదేపదే వినే మాటలు కొన్ని ఉన్నాయి. కొన్ని అనవసరంగా భయపెడతాయి, కొన్ని లేనిపోని ఆశ పెడతాయి.

అపోహ: బోస్టన్‌కి క్వాలిఫై కాలేనివాళ్ళకి 50 రాష్ట్రాల లెక్కలో మసాచుసెట్స్ గడి ఎప్పటికీ ఖాళీయే.

బోస్టన్ మారథాన్ 1897 నుంచి జరుగుతోంది, దాని గౌరవం దానిది. 2025 పోటీకి 18–34 ఏళ్ళ మగవాళ్ళు 3 గంటల్లో పూర్తి చేసిన రికార్డు చూపించాల్సి వచ్చింది. అదొక్కటే ఉన్నా చోటు దొరకలేదు. దరఖాస్తులు ఎక్కువై, ఆ సమయం కంటే 6 నిమిషాల 51 సెకన్లు ముందున్నవాళ్ళనే తీసుకున్నారు. అయితే మసాచుసెట్స్ అంటే బోస్టన్ ఒక్కటే కాదు కదా. లోవెల్‌లో అక్టోబర్‌లో జరిగే బేస్టేట్ మారథాన్‌కి ఎవరైనా పేరు ఇచ్చుకోవచ్చు. తమాషా ఏమిటంటే, బోస్టన్‌కి క్వాలిఫై అవ్వాలనుకునేవాళ్ళు చాలామంది అక్కడికే వస్తారు.

ఇంకో మాట. ఈ 50 రాష్ట్రాల లెక్కలో వేగానికి మార్కులు లేవు. పోటీవాళ్ళు పెట్టిన టైమ్ లోపల గీత దాటితే చాలు. చాలాచోట్ల అది ఆరు, ఏడు గంటలుంటుంది. హవాయిలోని హొనొలులులో అసలు కటాఫే లేదు. కాసేపు పరుగు, కాసేపు నడక అనే పద్ధతిని జనంలోకి తీసుకెళ్ళిన జెఫ్ గాలోవే 1972 ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరిగెత్తిన మనిషి. కాబట్టి మధ్యలో నడిస్తే పరువు పోతుందని ఎవరూ అనుకోనక్కర్లేదు.

అపోహ: 50 రోజుల్లో 50 రాష్ట్రాలు చేసినవాళ్ళున్నారు, నెలకొకటి మనకెంత?

చేసినవాళ్ళున్న మాట నిజమే. డీన్ కర్నాజెస్ అనే అమెరికన్ పరుగువీరుడు 2006 సెప్టెంబర్ 17న సెయింట్ లూయిస్ దగ్గర మొదలుపెట్టి, నవంబర్ 5న న్యూయార్క్ మారథాన్‌తో ముగించాడు. కానీ వాటిలో ఎక్కువ భాగం అసలు పోటీ జరిగే రోజున పరిగెత్తినవి కావు. ఆ మార్గాల్లోనే, అతని బృందం విడిగా ఏర్పాటు చేసినవి. మనకి ఆ సౌకర్యం లేదు. పోటీ ఏ ఆదివారం పెడితే ఆ ఆదివారమే మనం అక్కడుండాలి.

నెలకొకటి అనే లెక్క తప్పేది కూడా ఇక్కడే. మంచి పోటీలు ఏడాది పొడవునా సమానంగా ఉండవు. మిన్నెసోటా, నార్త్ డకోటా, మోంటానా లాంటి ఉత్తరాది రాష్ట్రాల్లో సీజన్ ఇంచుమించు మే నుంచి అక్టోబర్ దాకానే. టెక్సస్, అలబామా, మిసిసిపీ, ఫ్లోరిడాల్లో అయితే నవంబర్ నుంచి మార్చి. హ్యూస్టన్ మారథాన్ జనవరిలో పెట్టేది అందుకే. మిగిలిన రాష్ట్రాల్లో చాలా పోటీలు అక్టోబర్ మీదే పడతాయి. షికాగో సాధారణంగా అక్టోబర్ రెండో ఆదివారం. అదే వారాంతంలో ఇంకెన్నో ఊళ్ళలో పోటీలుంటాయి, వాటిలో ఒక్కటే మీకు దక్కుతుంది. దానికి తోడు దసరా. ఇంట్లో బొమ్మల కొలువు పెట్టి మీరు షికాగో ఎక్స్‌పోలో (పోటీకి ముందు పెట్టే సంతలో) బిబ్ (చొక్కాకి తగిలించుకునే నంబరు కాగితం) కోసం లైన్లో నిలబడితే ఏం జరుగుతుందో నేను చెప్పక్కర్లేదు.

ఎక్స్‌పో అంటే గుర్తొచ్చింది. పెద్ద పోటీల్లో ఉదయాన్నే వచ్చి బిబ్ తీసుకుంటానంటే కుదరదు. ముందు రోజుకల్లా మీ ఐడీ చూపించి మీరే తీసుకోవాలి. శనివారం రాత్రి దిగే చవక టికెట్ కొనేముందు పోటీ వెబ్‌సైట్‌లో ఈ ఒక్క సంగతి చదవండి.

రద్దులు కూడా లెక్కలో ఉంచుకోవాలి. 2012లో శాండీ తుఫాను వల్ల న్యూయార్క్ మారథాన్ జరగలేదు. 2023 అక్టోబర్ 1న మిన్నెసోటాలో జరిగే ట్విన్ సిటీస్ మారథాన్‌ని వేడి వల్ల ఆ రోజు తెల్లవారుజామునే రద్దు చేశారు. అప్పటికే ఊళ్ళో దిగినవాళ్ళకి మిన్నెసోటా ఖాళీగానే మిగిలింది.

అందుకే చాలామంది ఇచ్చే సలహాకి నేను ఎదురు చెబుతాను. అలాస్కానో హవాయినో చివరికి ఉంచుకుని కుటుంబంతో వెళ్ళి పండగ చేసుకోమంటారు. వినడానికి బాగుంటుంది. కానీ అలాస్కాలో పరిగెత్తే సీజన్ చిన్నది. ఒక జ్వరమో, ప్రాజెక్ట్ రిలీజో అడ్డుపడితే మళ్ళీ ఏడాది ఆగాలి. పోటీలు తక్కువున్న రాష్ట్రాలు, విమానం ఖర్చు ఎక్కువున్నవి ముందే కానిచ్చేయండి. ఏడాదంతా ఏదో ఒక పోటీ ఉండే రాష్ట్రాన్ని, కారులో వెళ్ళగలిగినదాన్ని చివరికి ఉంచుకోండి.

అపోహ: ఇది డబ్బున్నవాళ్ళ ఆట.

పూర్తిగా కాదు. డాలస్ నుంచి ఓక్లహోమా సిటీ మూడు గంటల డ్రైవ్. నలుగురు కలిసి ఒక కారు, ఒక గది అంటే పెద్ద ఖర్చేం కాదు. అక్కడ ఏప్రిల్‌లో జరిగే మారథాన్‌ని, ఆ ఊళ్ళో 1995 బాంబు పేలుడులో చనిపోయిన 168 మందిని తలుచుకుంటూ 168 సెకన్ల మౌనంతో మొదలుపెడతారు. అన్ని వేల మంది కదలకుండా నిలబడితే ఎలా ఉంటుందో అక్కడే తెలుస్తుంది. అర్కాన్సాలోని లిటిల్ రాక్ కూడా కారు దూరమే, అక్కడిచ్చే మెడల్ పళ్ళెమంత ఉంటుంది. న్యూజెర్సీ, కనెక్టికట్‌లో ఉన్నవాళ్ళంటే నాకు అసూయ. నాలుగైదు గంటలు కారు నడిపితే ఎన్ని రాష్ట్రాలు!

ఖర్చు తగ్గించుకోవడానికి కొందరు శనివారం ఒక రాష్ట్రంలో, ఆదివారం పక్క రాష్ట్రంలో పరిగెత్తుతారు. మెయిన్లీ మారథాన్స్ అనే సంస్థ అయితే వరసగా రోజుకో రాష్ట్రంలో చిన్న చిన్న పోటీలు పెడుతుంది. ఒకే దారిలో తిరిగి తిరిగి వేసే చుట్లు. డబ్బు, సెలవులు రెండూ కలిసొస్తాయి. కానీ మొదటి పది రాష్ట్రాలూ విడివిడిగా, తేరుకునే వ్యవధి ఇచ్చుకుంటూ చేయనివాళ్ళని నేను వీటికి పంపను. పది అనే అంకె ఊరికే అనలేదు. 50 స్టేట్స్ మారథాన్ క్లబ్‌లో చేరాలన్నా కనీసం పది రాష్ట్రాలు పూర్తయి ఉండాలి.

అపోహ: విజయవాడ ఎండలో పెరిగాం, వేడి మనల్నేం చేస్తుంది?

ఇది మనవాళ్ళ నోటే ఎక్కువ వింటాను, నాకు ఎక్కువ భయం వేసేది కూడా దీనితోనే. వేడికి అలవాటు పడటం పుట్టుకతో వచ్చి ఉండిపోయేది కాదు. రెండు వారాల పాటు ఎండలో సాధన చేస్తే శరీరం సర్దుకుంటుంది. చెమట త్వరగా పడుతుంది, ఆ చెమటలో ఉప్పు తగ్గుతుంది, రక్తంలో ప్లాస్మా (ద్రవ భాగం) పెరుగుతుంది. మళ్ళీ కొన్ని వారాలు ఏసీలో గడిపితే ఆ అలవాటు పోతుంది. పాతికేళ్ళ కిందట గాంధీనగర్ గ్రౌండ్‌లో మధ్యాహ్నం ఆడిన క్రికెట్ ఇప్పుడు పనికిరాదు. 2007 అక్టోబర్ 7న షికాగోలో ఉక్కపోతకి పోటీని మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. హొనొలులు మారథాన్ డిసెంబర్‌లో, అదీ ఉదయం 5 గంటలకి మొదలవుతుంది. అయినా చివరి మైళ్ళకి వచ్చేసరికి ఎండ, తేమ రెండూ నెత్తిన కూర్చుంటాయి. డిసెంబర్‌లో మిషిగన్ నుంచి వెళ్ళేవాళ్ళు పేస్ (పరుగు వేగం) తగ్గించుకోవాల్సిందే.

అపోహ: దాహం వేసినా వేయకపోయినా దారిలో నీళ్ళు పెట్టిన ప్రతి టేబుల్ దగ్గరా తాగాలి.

2002 బోస్టన్ పోటీలో 488 మంది రక్తం పరీక్షించి చూస్తే, 13 శాతం మందిలో సోడియం ఉండాల్సినదానికంటే తగ్గిపోయి ఉంది. దాని ప్రధాన కారణాల్లో ఒకటి నీళ్ళు అతిగా తాగడం. దారిలో బరువు పెరిగినవాళ్ళకి, నాలుగు గంటలు దాటి పరిగెత్తినవాళ్ళకి ముప్పు ఎక్కువ. అంటే మనలాంటి నెమ్మది జనానికే. దాహం వేస్తే తాగండి.

అపోహ: మోకాళ్ళు అరిగిపోతాయి.

అమ్మలందరూ చెప్పే మాట. 2017లో పాత పరిశోధనలన్నిటినీ కలిపి చూసిన ఒక విశ్లేషణలో, సరదాగా పరిగెత్తేవాళ్ళలో తుంటి, మోకాలి ఆర్థరైటిస్ 3.5 శాతం మందికి ఉంటే, కదలకుండా కూర్చునేవాళ్ళలో 10.2 శాతం మందికి ఉంది. ఇంతవరకు చదివి అమ్మకి ఫార్వర్డ్ చేసేవాళ్ళు తర్వాతి అంకె కూడా పంపాలి: పోటీ స్థాయిలో పరిగెత్తేవాళ్ళలో 13.3 శాతం. వారం వారం మారథాన్ చేస్తానన్నవాళ్ళకి నేను చూపించేది ఈ మూడో అంకె. ఇక యూటాలోని సెయింట్ జార్జ్ లాంటి పోటీల్లో మొదలు నుంచి ముగింపుకి 2,500 అడుగుల దాకా దిగుడు. దిగుడే కదా అని సంబరపడి వెళితే, మర్నాడు తొడలు మెట్లు దిగనివ్వవు.

అపోహ: మాంసం తినకపోతే 42 కిలోమీటర్లకి సత్తువ చాలదు.

ఆ రోజు ఒంటికి కావలసింది పిండి పదార్థం. అమెరికన్లు ముందు రోజు పాస్తా తింటారు, మనకి పెరుగన్నం ఉంది. సూట్‌కేసులో ఒక చిన్న రైస్ కుక్కర్ పెట్టుకుంటే ఏ ఊళ్ళోనైనా గడిచిపోతుంది. ఆవకాయ మాత్రం పోటీ అయ్యాకే.

అపోహ: సరిహద్దు దాటే మారథాన్ చేస్తే ఒక దెబ్బకి రెండు రాష్ట్రాలు.

కుదరదు. సిన్సినాటిలో జరిగే ఫ్లయింగ్ పిగ్ మారథాన్ ఒహాయోలో మొదలై, నది దాటి కెంటకీలోకి వెళ్ళి వస్తుంది. లెక్కలోకి మాత్రం ఒక్క రాష్ట్రమే. వాషింగ్టన్ డీసీ అసలు రాష్ట్రమే కాదు, చేసినా అది 51వది. హాఫ్ మారథాన్ల లెక్క వేరు, వాటిని ఇందులో కలపరు. ఇక "మా అబ్బాయి 5కె (5 కిలోమీటర్ల) మారథాన్ చేశాడు" అనే మాటకి, మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లేనని చెప్పి ఊరుకుంటాను.

అపోహ: అలాస్కా వెళ్ళొస్తే మళ్ళీ వీసా స్టాంపింగ్ కావాలి.

హెచ్-1బి మీద ఉన్నవాళ్ళు నన్ను తరచూ అడిగేది ఇదే. ఇక్కడి నుంచి నేరుగా విమానంలో వెళితే అలాస్కా, హవాయి రెండూ దేశంలోపలి ప్రయాణాలే, స్టాంపింగ్‌తో పని లేదు. చిక్కు ఎక్కడొస్తుందంటే, అలాస్కాకి రోడ్డు ట్రిప్ వేసుకున్నప్పుడు. మధ్యలో కెనడా దాటాలి. దానికి కెనడా వీసా కావాలి, తిరిగి లోపలికి రావడానికి కాగితాలు సరిగ్గా ఉండాలి. అది మీ లాయర్‌ని అడిగి తేల్చుకోండి. టికెట్ కొనేటప్పుడు వాంకూవర్ మీదుగా వెళ్ళే విమానం చవకగా కనిపిస్తే దాన్నీ పక్కన పెట్టండి, సియాటిల్ మీదుగా చూసుకోండి. యాంకరేజ్ మేయర్స్ మారథాన్ జూన్‌లో, టూరిస్టులు కూడా ఎక్కువ వచ్చే నెల. హోటల్ గది సంక్రాంతి లోపే బుక్ చేసుకుంటే మంచిది.