చావవు, పెరగవు: రొయ్యల గుంటల్లో ఈహెచ్‌పీ వెనుక కథ

పోయిన వేసవిలో నెల్లూరు దగ్గర మైపాడు వైపు మా మామ గుంట దగ్గరికి వెళ్లాను. సీడ్ (రొయ్య పిల్లలు) వదిలి రెండు నెలలు దాటింది. ఆయన చెక్ ట్రే పైకి లాగితే మేత దాదాపు ఖాళీ. ట్రేలో మాత్రం చూపుడువేలంత రొయ్య పక్కనే అగ్గిపుల్లంత రొయ్య. "మేత తింటా ఉండాయి, చావడంలా. కౌంటేమో వంద దాటి కిందకి దిగడంలేదబ్బా" అన్నాడు. కౌంటంటే కిలోకు తూగే రొయ్యల లెక్క. ల్యాబ్‌లో పీసీఆర్ (జన్యు పరీక్ష) చేయిస్తే ఈహెచ్‌పీ అనే రోగక్రిమి ఉందని తేలింది.

వైట్ స్పాట్ అనే వైరస్ రోగం అయితే గుంట ఒడ్డున చచ్చిన రొయ్యలు కనిపిస్తాయి, వారం పది రోజుల్లో సంగతి తేలిపోతుంది. 1994-95లో ఈ తీరంలో టైగర్ రొయ్యలను అది ఎలా ఊడ్చేసిందో నెల్లూరు, ప్రకాశం రైతులు ఇంకా మరచిపోలేదు. ఈహెచ్‌పీ అలా చంపదు. రొయ్య తిన్నదాన్ని ఒంటికి పట్టనివ్వదు, అంతే. ఏరేటర్లు తిరుగుతూనే ఉంటాయి, మేత బస్తాలు ఖాళీ అవుతూనే ఉంటాయి. నష్టం ఎంతో పట్టుబడి రోజున గాని తెలియదు. నా దృష్టిలో రైతుకు ఇదే ఎక్కువ టెన్షన్, ఎందుకంటే ఎప్పుడు ఆపాలో తెలియదు.

దీని పూర్తి పేరు ఎంటెరోసైటోజూన్ హెపటోపెనెయి. మైక్రోస్పోరిడియా అనే గుంపులోది. ఈ గుంపు బూజులకు, అంటే శిలీంధ్రాలకు, బాగా దగ్గరి చుట్టం. చాలామంది శాస్త్రవేత్తలు ఇప్పుడు దీన్ని శిలీంధ్రాల్లోనే కలుపుతున్నారు. మనకు బూజు అంటే ఒంటి మీద తామర, లేదంటే తడిసిన వరిగడ్డి మీద తెల్లటి నూగు. కానీ లోపలికి దిగే బూజులూ ఉన్నాయి. కోళ్ల షెడ్డులో పొట్టు తడిసి బూజు పడితే ఆస్పర్‌జిల్లస్ కోడిపిల్లల ఊపిరితిత్తుల్లో చేరి చంపేస్తుంది. రొయ్యలో ఈహెచ్‌పీ చేరే చోటు హెపటోపాంక్రియాస్ అనే అవయవం. అరుగుదల, పోషకాల నిల్వ అన్నీ అక్కడే జరుగుతాయి.

ఈ కథ మొదలైంది మాత్రం రొయ్యలతో కాదు, పట్టుపురుగులతో. ఇటలీలో అగోస్తినో బస్సీ ఏళ్ల తరబడి పరిశోధించి, పట్టుపురుగులు తెల్లటి పొడి పట్టి చనిపోవడానికి కారణం వాటి ఒంట్లో పెరిగే బూజేనని 1835లో చూపించాడు. ఒక సూక్ష్మజీవి జంతువుకు రోగం తెస్తుందని రుజువు కావడం దాదాపు అదే మొదలు. ఆ తర్వాత ఫ్రాన్స్‌ను పెబ్రిన్ అనే పట్టుపురుగుల రోగం పట్టుకుంది. పురుగుల మీద మిరియాల పొడి చల్లినట్టు మచ్చలు. 1853లో 26 వేల టన్నులున్న పట్టుకాయల దిగుబడి 1865 నాటికి 4 వేల టన్నులకు పడిపోయింది. దానికి కారణమైన జీవికి 1857లో నేగెలి అనే స్విస్ శాస్త్రవేత్త నోసెమా బాంబిసిస్ అని పేరు పెట్టాడు. మనిషి పేరు పెట్టిన మొదటి మైక్రోస్పోరిడియా అదే. నేగెలి దాన్ని ఈస్టు లాంటిదనుకున్నాడు. తర్వాతివాళ్లు కాదన్నారు, ప్రోటోజోవా అనే ఏకకణ జీవుల్లో పెట్టారు. 1990ల్లో జన్యువులు చూశాక మళ్లీ బూజుల దగ్గరికే తెచ్చారు.

ఈ పెబ్రిన్ సంగతి తేల్చడానికి 1865లో ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ పాశ్చర్‌ను ఆలెస్ పట్టణానికి పంపారు. అప్పటికి ఆయనకు పట్టుపురుగుల గురించి ఏమీ తెలియదు. ఆయన చివరికి చెప్పిన పద్ధతి చాలా తేలిక. ఒక్కో తల్లి సీతాకోకతో విడిగా గుడ్లు పెట్టించాలి. తర్వాత ఆ తల్లిని నీళ్లతో నూరి మైక్రోస్కోపు కింద చూడాలి. రోగపు గింజలు కనిపిస్తే ఆ గుడ్లన్నీ పారేయాలి. మందు లేదు, మాకు లేదు. పట్టు గుడ్లు తయారుచేసే కేంద్రాల్లో మన దేశంలో ఇప్పటికీ చేసేది ఇదే.

ఈహెచ్‌పీ 2004లో థాయిలాండ్‌లో కనిపించింది, 2009లో పేరు పెట్టారు. ఇక్కడొక మాట చెప్పాలి. ఈ రోగాన్ని బయటి దేశం నుంచి తెచ్చిన వనామీ రకం రొయ్యే మోసుకొచ్చిందని మన గుంటల దగ్గర చాలామంది అంటారు. కానీ మొదట కనిపించింది ఆసియా టైగర్ రొయ్యలోనే. మన దేశం వనామీకి 2009లో అనుమతిచ్చింది, రోగరహిత తల్లి రొయ్యలను దిగుమతి చేసుకుంది. ఆంధ్ర, తమిళనాడు వనామీ గుంటల్లో ఈ రోగం ఉందని చెన్నైలోని సీబా (ఉప్పునీటి చేపలు, రొయ్యల పెంపకం మీద పనిచేసే కేంద్ర పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు 2016లో ప్రచురించారు.

దీని బీజం మిల్లీమీటరులో దాదాపు వెయ్యో వంతు. లోపల చుట్టచుట్టిన సన్నటి గొట్టం ఉంటుంది. అది ఈటెలా దూసుకెళ్లి రొయ్య కణంలో గుచ్చుకుంటుంది, బీజంలోని సరుకంతా ఆ దారినే లోపలికి పోతుంది. కొన్నాళ్లకు మలంతో పాటు కొత్త బీజాలు గుంటలోకి వస్తాయి, పక్క రొయ్యలు తింటాయి. కొన్ని గుంటల్లో తెల్లటి రెట్ట దారాల్లా తేలుతుంది, అయితే తెల్ల రెట్టకు వేరే కారణాలూ ఉన్నాయి. యాంటీబయోటిక్స్ దీని మీద పనిచేయవు. పైగా వాటి అవశేషాలు దొరికితే ఎగుమతి సరుకు వెనక్కి వస్తుంది.

గుంట ఎండగట్టాక హెక్టారుకు ఆరు టన్నుల చొప్పున కాల్చిన సున్నం మట్టిలో కలిపి తడిపి, పీహెచ్ (క్షారగుణం కొలత) 12కు చేరేలా చేయాలని థాయి శాస్త్రవేత్తలు చెప్పారు. ఆ ఖర్చు చిన్న రైతు ఎలా పెట్టుకుంటాడు? పెట్టినా, పై రైతు కాలువలోకి వదిలిన నీళ్లే కింది రైతు తోడుకునే చోట్ల ఆ సున్నం ఎన్నాళ్లు కాపాడుతుంది?

అసలు పట్టుకోవాల్సింది హేచరీలోనే, అంటే రొయ్య పిల్లలను పుట్టించే చోటే. తల్లి రొయ్యలకు మేతగా వేసే పచ్చి సముద్రపు పురుగుల్లో ఈహెచ్‌పీ దొరికింది. తల్లి మలం నుంచి అది పిల్లలకు అంటుతుంది. పిల్లల్లో రోగం తక్కువగా ఉన్నప్పుడు గుప్పెడు సీడ్ పరీక్షిస్తే తప్పిపోవచ్చు. తల్లుల మలం పరీక్షిస్తే దొరికే అవకాశం ఎక్కువ. పాశ్చర్ తల్లి సీతాకోకను చూడమన్నదీ ఇందుకే.

ఈసారి సీడ్ బుక్ చేసేముందు మామ ఒక హేచరీలో తల్లుల రిపోర్ట్ అడిగాడు. పిల్లలదైతే ఉంది, తల్లులది ఎవరూ అడగరన్నారు. ఆయన అడ్వాన్స్ ఇవ్వకుండా లేచి వచ్చేశాడు. గుంట ఇంకా ఖాళీగానే ఉంది. రోజూ ఇంకో హేచరీకి ఫోన్ చేస్తున్నాడు.