అడవి క్యాంపుకి పంపితే పిల్లాడి డిప్రెషన్ పోతుందా? అపోహలు – వాస్తవాలు

మెట్రిక్, ప్లస్ టూ ఫలితాలు వచ్చి, పిల్లలు గది తలుపులు వేసుకునే రోజుల్లో ఈ ప్రశ్న ఎక్కువవుతుంది. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ నుంచి బరంపురంలో కౌన్సెలింగుకి వచ్చే అమ్మానాన్నలు ఈమధ్య ఇదే అడుగుతున్నారు: “మేడమ్, అమెరికాలో ఇలాంటి పిల్లల్ని అడవిలో ఉంచి బాగుచేస్తారటగా?” ఎవరో వాట్సాప్‌లో పంపిన వీడియో చూసి వస్తారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. ఆ వీడియోలు తిప్పేవాళ్ల మీదే నా కోపం.

అపోహ: అడవికి పంపితే ఇక మాత్రలు, డాక్టరు అక్కర్లేదు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. గుణుపురం నుంచి ఒక కుర్రాణ్ణి మేనమామ తీసుకొచ్చాడు. డిప్రెషన్‌కి సెర్ట్రాలిన్ వాడుతూ తేరుకుని, మళ్లీ బడికి వెళ్తున్న పిల్లాడు. ట్రెకింగ్ క్యాంపుకి డబ్బు కట్టాక, “అడవిగాలి పీలుస్తూ మాత్రలెందుకు” అని ఇంట్లో పెద్దలు ముందే మాన్పించేశారు. దాంతో తల తిరుగుడు, నిద్ర లేకపోవడం, అన్నం కంచం తోసేయడం. “చూశారా, మాత్రలకి బానిసైపోయాడు” అన్నాడాయన. పిల్లాడు మాట్లాడకుండా చొక్కా గుండీ పెట్టుకుంటూ, తీసుకుంటూ కూర్చున్నాడు.

అది బానిసత్వం కాదండీ. ఈ మందు ఒక్కసారిగా ఆపేస్తే శరీరం అలా తిరగబడుతుంది. డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గిస్తే ఆ బాధ చాలావరకు ఉండదు. అసలు భయం తరవాతి వారాలది. జబ్బు తిరగబెట్టి, చచ్చిపోవాలన్న ఆలోచనలు మళ్లీ రావచ్చు, అదీ డాక్టరు అందని కొండ మీద. మూర్ఛ మాత్రలు ఆపితే ఫిట్స్ ఆగకుండా రావచ్చు. మనసు విపరీతమైన హుషారుకీ దిగులుకీ ఊగే జబ్బుకి (బైపోలార్) లిథియం అనే మందు వాడే పిల్లలు నీళ్లు చాలక ఎండలో నడిస్తే రక్తంలో ఆ మందు ప్రమాదకరంగా పెరుగుతుంది.

అమెరికాలో 2004లో వెలువడిన అధ్యయనంలో డిప్రెషన్ ఉన్న 439 మంది టీనేజి పిల్లల్ని 12 వారాలు గమనించారు. మందు, కౌన్సెలింగు రెండూ అందినవాళ్లలో 71 శాతం మంది మెరుగయ్యారు. పోలిక కోసం మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 35 శాతమే. అడవి చికిత్సకి ఇంత గట్టి ఆధారం లేదు. అక్కడి క్యాంపుల మీద వచ్చిన 36 అధ్యయనాలని 2016లో కలిపి చూస్తే ఓ మోస్తరు మేలు కనిపించింది. కానీ వాటిలో చాలావాటికి క్యాంపుకి వెళ్లని పిల్లలతో పోలికే లేదు. పైగా అవి వారాల తరబడి, శిక్షణ పొందిన థెరపిస్టులతో నడిచేవి. పది రోజుల ట్రెక్కుకి ఆ ఫలితాన్ని అంటగట్టలేం.

అపోహ: కష్టపెడితే బుద్ధొస్తుంది.

రాదు. ఇలాంటి కార్యక్రమాల్లో జరిగిన పిల్లల మరణాలపై 2007లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థే నివేదిక ఇచ్చింది. శిక్షణ లేని సిబ్బంది ఒక కారణమని అందులో ఉంది. 2024 ఫిబ్రవరిలో నార్త్ కరోలినా క్యాంపులో 12 ఏళ్ల బాబు చేరిన మర్నాడు ఉదయానికే చనిపోయాడు. తరవాత దాని లైసెన్సు రద్దయింది. అబద్ధం చెప్పి తీసుకెళ్తే, పిల్లలు తిరిగొచ్చాక మీకు ఏదీ చెప్పుకోరు.

అపోహ: మన కొండలే చాలు, మనమే తిప్పుకొస్తాం.

తప్పకుండా తిప్పండి. శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కొచ్చిన పిల్లలు హుషారుగా ఉండటం నేనూ చూస్తాను. నడక, వెలుతురు, ఫోన్ లేని పూట మంచివే. చికిత్సతో పాటు అయితే ఇంకా మంచిది. రాయగడ, కొరాపుట్ వైపు మలేరియా ఉంది కాబట్టి దోమతెర పెట్టుకోండి, తిరిగొచ్చాక జ్వరమొస్తే రక్తపరీక్ష చేయించండి.

క్యాంపుకి పంపాలనే అనుకుంటే ముందు మందు రాసిన డాక్టరుని కలవండి. క్యాంపు వాళ్లని ఇవి అడగండి: మాత్రలు రోజూ ఎవరు వేస్తారు? రాత్రి పిల్లాడికి బాగోకపోతే ఎంతసేపట్లో ఆసుపత్రికి చేరుస్తారు? ఇంటికొచ్చాక కౌన్సెలింగు ఎవరు కొనసాగిస్తారు? సరైన జవాబు లేకపోతే అడ్వాన్సు కట్టకండి. చచ్చిపోవాలనుందని పిల్లాడు ఒక్కసారి అన్నా ఒంటరిగా వదలకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అర్ధరాత్రయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు.