అన్‌స్కేద్డ్ అంటే 'ప్రాణాలతో బయటపడ్డారు' అని కాదు

ఏజెన్సీ వార్తలను తెలుగులోకి మార్చే డెస్కులో పనిచేస్తాను. ప్రమాద వార్త వస్తే చాలు, అన్‌స్కేద్డ్ (unscathed, ఏ దెబ్బా తగలకుండా) అనే ఇంగ్లిష్ మాట దగ్గర ఎవరో ఒకరు తడబడతారు.

అపోహ: ప్రాణం దక్కితే అన్‌స్కేద్డ్ అనేయొచ్చు.

వాస్తవం: కుదరదు. ఒంటిమీద గీత కూడా పడకూడదు. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో పక్షుల గుంపు తగిలి ఇంజిన్లు దెబ్బతిన్న విమానాన్ని పైలట్ హడ్సన్ నదిలో దించాడు. లోపలున్న 155 మందీ బతికారు. కానీ ఐదుగురికి తీవ్ర గాయాలయ్యాయి. అందరూ సర్వైవ్ అయ్యారనడం నిజం, అందరూ అన్‌స్కేద్డ్ అంటే తప్పు వార్త. 'తలకు వచ్చిన ఆపద తలపాగాతో పోయింది' అన్న మన సామెత కూడా ఇక్కడ పనికిరాదు. తలపాగా పోయింది కదా మరి! 'స్వల్ప గాయాలతో బయటపడ్డారు' అన్న వాక్యాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చేటప్పుడు ఈ మాట జోలికే వెళ్లొద్దు.

అపోహ: సేఫ్ అన్నా, ఇదన్నా ఒకటే.

వాస్తవం: సేఫ్ అనడానికి ముందు ఏ గండమూ ఉండనక్కర్లేదు. దీనికి ఉండాలి. 'ఆఫీసు నుంచి ఇంటికి అన్‌స్కేద్డ్‌గా చేరాను' అంటే దారిలో ఏమైందని అడుగుతారు. హైదరాబాద్‌లో వానపడ్డ సాయంత్రం ట్రాఫిక్ గురించి వెటకారంగా అంటే మాత్రం బ్రహ్మాండంగా ఉంటుంది. అందుకే ఎస్కేప్, ఎమర్జ్ లాంటి క్రియల తర్వాతే ఇది ఎక్కువగా కనిపిస్తుంది. 'అన్‌స్కేద్డ్ ప్యాసింజర్స్' అని నామవాచకం ముందు పెడితే ఎబ్బెట్టుగా ఉంటుంది.

అపోహ: ఒంటి దెబ్బలకే వాడాలి.

వాస్తవం: పేరు, పదవి, డబ్బు అన్నిటికీ వాడొచ్చు. కుంభకోణం నుంచి మచ్చ పడకుండా బయటపడ్డ మంత్రి కూడా అన్‌స్కేద్డే. 2008 ఆర్థిక సంక్షోభంలో కెనడా బ్యాంకుల గురించి రాసినప్పుడు ఈ మాటకు ముందు 'రిలేటివ్‌లీ' (మిగతావాళ్లతో పోలిస్తే) అని తగిలించేవారు. కాస్త దెబ్బ తగిలిందని ఒప్పుకోవడమే అది.

అపోహ: 'అన్' తీసేస్తే గాయపడ్డట్టు.

వాస్తవం: లెక్క ప్రకారం అంతే. స్కాండినేవియా ప్రాంతపు పాత నార్స్ భాషలో హాని అనే అర్థమున్న మాట నుంచి ఈ 'స్కేద్' వచ్చింది. కానీ 'స్కేద్డ్' అని ఒంటరిగా ఇప్పుడు దాదాపు ఎవరూ అనరు. దాని చుట్టం 'స్కేదింగ్' మాత్రం ఘాటు విమర్శల్లో రోజూ కనిపిస్తుంది. పలకడం అంటారా, 'స్కాత్డ్' కాదు, స్కేద్డ్.

అపోహ: పార్సిల్‌కీ ఇదే రాయొచ్చు.

వాస్తవం: సరదాకి అయితే సరే. కొరియర్ రసీదు మీద, క్లెయిమ్ లెటర్‌లో అన్‌డ్యామేజ్డ్ అనో, చెక్కుచెదరలేదనే అర్థంలో ఇంటాక్ట్ అనో రాయండి. ఏది ఇంటాక్ట్‌గా ఉందో కూడా రాయండి. సీల్ ఇంటాక్ట్‌గానే ఉండొచ్చు, లోపల గాజు పగిలిపోయి ఉండొచ్చు.