ఖాళీ పలక అనుకున్న బిడ్డ

సైకోసెక్సువల్ డెవలప్‌మెంట్, అంటే ఆడా మగా అన్న భావన, లైంగికత మనసులో ఎలా రూపుదిద్దుకుంటాయన్న విషయం అనగానే చాలామందికి మనోవిశ్లేషకుడు ఫ్రాయిడే గుర్తొస్తాడు. ఆయన సిద్ధాంతం ఎక్కువగా పెద్దవాళ్ళు చెప్పుకున్న చిన్ననాటి జ్ఞాపకాల మీద కట్టింది కాబట్టి, దాన్ని ఇవాళ పరిశోధకులు యథాతథంగా తీసుకోరు. నన్ను కుదిపేసింది మాత్రం కెనడాలో ఒక బిడ్డకు జరిగింది.

1965లో విన్నిపెగ్‌లో కవలలు పుట్టారు, బ్రూస్, బ్రయన్. ఎనిమిదో నెలలో సున్తీ చేస్తుండగా కరెంటు పరికరం కాల్చేసి బ్రూస్ పురుషాంగానికి తీరని గాయమైంది. ఏం చేయాలో తోచని ఆ అమ్మానాన్నలు టీవీలో జాన్ మనీని చూశారు. ఆయన అమెరికాలో, బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో సైకాలజిస్టు. పుట్టేటప్పుడు మనసు ఆడా కాదు మగా కాదు, మొదటి రెండేళ్ళలో ఎలా పెంచితే అలాగే స్థిరపడుతుందన్నది ఆయన నమ్మకం. 1967లో, 22 నెలల వయసులో బ్రూస్‌ను ఆడపిల్లగా మార్చేందుకు ఆపరేషన్ చేయించి, బ్రెండా అని పేరు పెట్టారు. బిడ్డకు నిజం ఎప్పటికీ చెప్పొద్దని మనీ అన్నాడు.

తల్లి తన పెళ్ళి గౌను బట్టతో చిన్న గౌను కుట్టి తొడిగితే, బిడ్డ దాన్ని ఒంటి మీంచి పీకి పారేయబోయిందట. ఆ తల్లికి అప్పుడే గుండె జారిపోయింది. మనీ మాత్రం 1972లో ఈ కేసును విజయంగా ప్రకటించాడు, ఒకే ఇంట్లో పెరిగే కవల సోదరుడు పోల్చిచూడటానికి ఉన్నాడు కదా, లోకం నమ్మేసింది, పాఠ్యపుస్తకాల్లోకీ ఎక్కింది. పుట్టకముందే హార్మోన్లు మెదడును ప్రభావితం చేస్తాయని 1965లోనే వాదించిన పరిశోధకుడు మిల్టన్ డైమండ్ మాట పెద్దగా ఎవరూ వినలేదు.

1980లో తండ్రి నిజం చెప్పేశాడు. అప్పటికి ఆ బిడ్డకు 14 ఏళ్ళు. తనకేదో పిచ్చి అనుకుంటూ బతికిన ఆ పిల్లాడికి ముందు కలిగింది కోపం కాదు, ఊరట. డేవిడ్ అని పేరు మార్చుకుని మగవాడిగా బతికాడు. అసలు సంగతి డైమండ్, సైకియాట్రిస్టు సిగ్మండ్‌సన్‌ల పేపర్‌తో 1997లో బయటికొచ్చింది. 2004లో, 38 ఏళ్ళకు, డేవిడ్ ఆత్మహత్య చేసుకున్నాడు.

అలాగని అంతా హార్మోన్లదే అనేయడానికీ లేదు. ఇలాంటి ప్రమాదమే జరిగి, ఏడో నెలలో ఆడపిల్లగా మార్చిన మరో కెనడా బిడ్డ గురించి 1998లో ఒక పేపర్ వచ్చింది. అప్పటికి 26 ఏళ్ళున్న ఆమె, తాను స్త్రీనే అంది. రెండు కేసుల్లోనూ మనసు ఆడదో మగదో చివరికి తెలిసింది వాళ్ళు నోరు తెరిచి చెప్పాకే, కాబట్టి తొందరపడి కత్తి పట్టడమే నాకు తప్పనిపిస్తుంది.

మన దగ్గర 2019లో మద్రాసు హైకోర్టు ఇంటర్‌సెక్స్ పసిపిల్లలకు, అంటే పుట్టుకతోనే శరీరం ఆడా మగా అని స్పష్టంగా తేలని పిల్లలకు, ఇలాంటి ఆపరేషన్లు ఆపమంది. ప్రాణాపాయం ఉంటే తప్ప చేయకూడదని తమిళనాడు ప్రభుత్వం అదే ఏడాది ఉత్తర్వు ఇచ్చింది.