పాత హత్య కేసు మళ్లీ తెరిస్తే: అపోహలు - వాస్తవాలు

ఇరవై, ముప్పై ఏళ్ల కిందటి హత్య కేసును పోలీసులు మళ్లీ తెరిచారని వార్త రాగానే విశాఖలో రెండు మాటలు వినిపిస్తాయి. "ఇన్నేళ్లకా? ఇంకేం తేలుతుంది?" అనేది ఒకటి. "ఇప్పుడు డీఎన్‌ఏ ఉందిగా, ఇట్టే తేలిపోతుంది" అనేది రెండోది. రెండూ సరికావు. ఆ రోజు రాసిన కాగితాలు, ఆ రోజు సీలు వేసిన ప్యాకెట్లు ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నాయన్నదాన్ని బట్టే ఇలాంటి కేసు నిలబడడమో పడిపోవడమో జరుగుతుంది.

అపోహ: ఇన్నేళ్లయింది కాబట్టి కేసుకు గడువు దాటిపోయింది.

వాస్తవం: హత్యకు గడువు లేదు. సీఆర్పీసీ (పాత నేర విచారణ చట్టం) 468వ సెక్షన్ పెట్టిన కాలపరిమితి మూడేళ్లకు మించి శిక్ష లేని నేరాలకే. 2024 జులై 1కి ముందు జరిగిన హత్య ఇప్పటికీ పాత శిక్షాస్మృతి ఐపీసీ 302 కిందే నడుస్తుంది, ఆ రోజు నుంచి దాని స్థానంలో అమల్లోకి వచ్చిన బీఎన్‌ఎస్ 103 కిందికి మారదు.

అపోహ: కోర్టు మూసేసిన కేసును హైకోర్టు చెబితేనే తెరవాలి.

వాస్తవం: నిందితుడు దొరకలేదంటూ ఫైనల్ రిపోర్టు వేసి మూసిన కేసులో కొత్త ఆధారం దొరికితే పోలీసులే తదుపరి దర్యాప్తు చేయవచ్చు. పాత సీఆర్పీసీలో అది 173(8) సెక్షన్, దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 193(9). ముందుగా మేజిస్ట్రేట్ కోర్టు అనుమతి తీసుకోవడం ఆనవాయితీ. 2012 నాటి వినయ్ త్యాగి తీర్పులో సుప్రీంకోర్టు కూడా ఆ పద్ధతినే పాటించమంది. పాత దర్యాప్తును పూర్తిగా పక్కనపెట్టి మొదటినుంచీ చేయాలంటే మాత్రం హైకోర్టుకో సుప్రీంకోర్టుకో వెళ్లాలి. విచారణ జరిగి నిర్దోషిగా బయటపడిన వ్యక్తి మీద అదే నేరానికి మళ్లీ కేసు నడపడం కుదరదు. వేరే వ్యక్తి మీద కుదురుతుంది.

కుటుంబ సభ్యులు పోలీసు కమిషనర్‌కు అర్జీ పెట్టేటప్పుడు క్రైం నంబరు, సంవత్సరం, స్టేషన్ పేరు తప్పకుండా రాయాలి. అవి లేకపోతే ఫైలు వెతకడానికే నెలలు పడుతుంది. ఎఫ్ఐఆర్, ఫైనల్ రిపోర్టు నకళ్ల కోసం కోర్టులో కాపీ అప్లికేషన్ వేయండి. ఇక్కడో చిక్కుంది. అప్పటి స్టేషన్ పరిధి ఇప్పుడు రెండు మూడు స్టేషన్లుగా విడిపోయి ఉండొచ్చు. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు విడిపోయాయి కాబట్టి పాత విశాఖ జిల్లా ఫైలు ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో ముందు తేల్చుకోవాలి.

అపోహ: రక్తపు మరక ఉంటే చాలు, డీఎన్‌ఏ హంతకుడి పేరు చెప్పేస్తుంది.

వాస్తవం: ఎక్కువ ఆశలు పెట్టుకునేదీ, ఎక్కువగా నిరాశపరిచేదీ ఇదే. అందుకే కాస్త వివరంగా చెప్పాలి.

డీఎన్‌ఏ పరీక్షకు కావాల్సింది చాలా తక్కువ. నానోగ్రాము (గ్రాములో వంద కోట్లవ వంతు), ఒక్కోసారి అందులో సగం సరిపోతుంది. పొడిగా, చల్లగా, చీకట్లో ఉన్న మరకలో డీఎన్‌ఏ దశాబ్దాలు ఉంటుంది. చెమ్మ దాన్ని పాడుచేస్తుంది. పూర్తిగా ఆరకముందే చీరనో లుంగీనో పాలిథిన్ కవర్లో కట్టేస్తే లోపల బూజు పడుతుంది. ఆ బూజు, బ్యాక్టీరియా కలిసి డీఎన్‌ఏను ముక్కలు చేసేస్తాయి. సముద్రపు గాలి తగిలే మన ఊళ్లో కేసు వస్తువులు దాచే ప్రాపర్టీ గది గోడకు చెమ్మ పట్టిందంటే ప్యాకెట్ కూడా క్షేమంగా ఉండదు. నీడలో ఆరబెట్టి, కాగితంలో చుట్టి, లక్క సీలు వేసిన గుడ్డకైతే అవకాశం బాగా ఉంటుంది. ఫార్మలిన్‌లో ఉంచిన అవయవాల నుంచి పూర్తి డీఎన్‌ఏ ప్రొఫైల్ (మనిషిని గుర్తించే డీఎన్‌ఏ నమూనా) రావడం కష్టం.

ప్యాకెట్ దొరికితే సరిపోదు. ముందు దాన్ని విప్పకుండా చూడాలి. లక్క ముద్ర చెక్కుచెదరలేదా? చీటీ మీద మధ్యవర్తుల (స్వాధీనం చేసుకునేటప్పుడు దగ్గరున్న సాక్షుల) సంతకాలు కనిపిస్తున్నాయా? క్రైం నంబరు, వస్తువు వరస నంబరు పంచనామాలో రాసినవాటితో కలుస్తున్నాయా? ఫోరెన్సిక్ ల్యాబ్ నుంచి తిరిగొచ్చిన ప్యాకెట్ మీద ల్యాబ్ సీలు ఉందా? స్టేషన్ నుంచి కోర్టుకు, అక్కడి నుంచి ల్యాబ్‌కు, మళ్లీ కోర్టుకు ఆ వస్తువు ఎవరెవరి చేతులు మారిందో ప్రాపర్టీ రిజిస్టర్‌లో వరసగా ఉండాలి. మధ్యలో ఒక్క మజిలీకి లెక్క లేకపోయినా డిఫెన్స్ లాయరు దాన్నే పట్టుకుంటారు. అది న్యాయమైన ప్రశ్నే. గ్లౌజులు లేకుండా పదిమంది పట్టుకున్న చొక్కా మీద ఎవరి డీఎన్‌ఏ అయినా ఉండొచ్చు.

అప్పట్లో ల్యాబ్‌లు ఎక్కువగా రక్తం మనిషిదా కాదా, ఏ గ్రూపు అన్నంత వరకే చెప్పేవి. దాదాపు ముగ్గురిలో ఒకరిది బి గ్రూపు అయ్యే మన దగ్గర దానితో తేలేది తక్కువ. కానీ పరీక్షకు కత్తిరించగా మిగిలిన గుడ్డ కోర్టుకు తిరిగొచ్చి ఉంటే అది ఇప్పుడు బంగారం. కేసు మూసేశాక ఆ సొత్తును ధ్వంసం చేయమని కోర్టు ఉత్తర్వు ఇచ్చిందా అన్నదే మొదట చూసుకోవాల్సిన ప్రశ్న.

ప్రొఫైల్ వచ్చినా దాన్ని పోల్చడానికి ఎవరో ఒకరు ఉండాలి. మన దేశంలో నేరస్తుల డీఎన్‌ఏ బ్యాంకుకు చట్టమే లేదు. 2019లో పెట్టిన బిల్లును 2023లో వెనక్కి తీసుకున్నారు. 2018లో కాలిఫోర్నియా పోలీసులు వంశవృక్షాల వెబ్‌సైట్‌తో పాత హంతకుణ్ని పట్టుకున్న దారి ఇక్కడ లేదు. అనుమానితుణ్ని పాత పద్ధతిలోనే వెతికిపట్టి, ఆ తర్వాత నమూనా తీసుకోవాలి.

అపోహ: వేలిముద్రలు ఇన్నేళ్లు ఉండవు.

వాస్తవం: గోడ మీద ఉండకపోవచ్చు. ఆ రోజు తీసిన ఫొటో, టేపు మీదికి ఎత్తిన ముద్ర ఫింగర్‌ప్రింట్ బ్యూరోలో ఉంటే చాలు. పది వేళ్ల వర్గీకరణ ప్రకారం చేత్తో వెతికే రోజుల్లో ఒక్క వేలి ముద్రకు యజమానిని పట్టుకోవడం దాదాపు అసాధ్యం. 2022లో వచ్చిన నాఫిస్ అనే కంప్యూటర్ వేలిముద్రల వ్యవస్థతో దేశవ్యాప్త రికార్డుల్లో వెతకవచ్చు. కంప్యూటర్ దగ్గరి పోలికలు మాత్రమే చూపిస్తుంది, అభిప్రాయం చెప్పాల్సింది నిపుణుడే. ఆ ఇంటికి రోజూ వచ్చిపోయే మనిషి ముద్ర దొరికినంత మాత్రాన ఏమీ రుజువు కాదు.

అపోహ: నేరం ఒప్పుకున్నాడంటే కేసు అయిపోయినట్టే.

వాస్తవం: పోలీసుల ముందు ఒప్పుకున్నది సాక్ష్యం కాదు. నిందితుడు చెప్పగా కొత్తగా బయటపడిన వస్తువు, దానికి సంబంధించినంత మేర మాటలే పనికొస్తాయి. పాత కేసుల్లో ఇక్కడే దెబ్బ తగులుతుంది. కత్తి ఏ బావిలో పడేశారో, నగలు ఎక్కడ అమ్మారో ఆనాటి సీడీ (కేసు డైరీ) ఫైల్లోనే ఉంటే, ఇప్పుడు నిందితుడు అదే చెప్పడం కొత్త విషయం కాదు. ఇరవై ఏళ్లు నోరు మెదపని మనిషి ఉన్నట్టుండి పరిచయం లేని వీఆర్వో దగ్గరికి వెళ్లి నేరం ఒప్పుకున్నాడంటే కోర్టులు నమ్మడానికి వెనకాడతాయి. మేజిస్ట్రేట్ ముందు, ఆలోచించుకునే సమయం ఇచ్చాక, స్వచ్ఛందంగా ఇచ్చిన వాంగ్మూలానికి విలువ ఉంది. నార్కో పరీక్ష నిందితుడి సమ్మతి లేకుండా చేయకూడదని సుప్రీంకోర్టు 2010లోనే తేల్చింది.

అపోహ: సాక్షి చనిపోయినా స్టేట్‌మెంట్ ఉంది కదా.

వాస్తవం: దర్యాప్తులో పోలీసులు సీఆర్పీసీ 161 సెక్షన్ కింద రాసుకున్న స్టేట్‌మెంట్ సాక్షి స్థానంలో నిలబడదు. ఒక మినహాయింపును చాలామంది మర్చిపోతారు. నిందితుడు పరారీలో ఉండగా సీఆర్పీసీ 299 కింద కోర్టులో సాక్ష్యం నమోదు చేసి ఉంటే, సాక్షి ఆ తర్వాత చనిపోయినా, నిందితుడు దొరికాక దాన్ని వాడుకోవచ్చు. అప్పట్లో ఆ పని చేయించిన పీపీ (ప్రభుత్వ లాయరు), దర్యాప్తు అధికారి కేసుకు ప్రాణం పోసినట్టే. విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో పోస్టుమార్టం చేసిన డాక్టరు ఇప్పుడు లేకపోతే, ఆయన చేతిరాత, సంతకం ఎరిగిన మరో డాక్టరు ద్వారా ఆ రిపోర్టు రుజువు చేయించవచ్చు.

అపోహ: ఇప్పుడు యాభై ఏళ్లవాడు, పెద్దవాడిగానే శిక్ష పడుతుంది.

వాస్తవం: లెక్కలోకి వచ్చేది నేరం జరిగిన రోజు వయసు. అప్పటికి 18 నిండలేదని ఏ దశలో రుజువైనా బాల నేరస్తుల చట్టమే వర్తిస్తుంది. అరెస్టుకు ముందే స్కూలు రికార్డు తెప్పించుకోవడం మంచిది.

అపోహ: ఇంట్లో దాచుకున్న వస్తువులు మేమే స్టేషన్‌కు పట్టుకెళ్లి ఇస్తే సరిపోతుంది.

వాస్తవం: వద్దు. ఉతకకండి, విప్పకండి, కవర్ మార్చకండి. దర్యాప్తు అధికారిని ఇంటికే పిలిచి, మధ్యవర్తుల సమక్షంలో పంచనామా రాయించి స్వాధీనం చేయండి. ఇన్నాళ్లూ ఎవరి దగ్గర, ఎక్కడ ఉందో అందులో రాయించండి. గుర్తుతెలియని శవంగా పాతిపెట్టిన సందర్భమైతే తహసీల్దార్ సమక్షంలో వెలికితీసే అస్థికల్లో తొడ ఎముక, దవడ పళ్లు డీఎన్‌ఏకు మేలు. వాటిని పోల్చడానికి తల్లిదండ్రుల రక్తం కావాలి. వాళ్లు పెద్ద వయసువాళ్లయితే, మిగతా దర్యాప్తు ఎంత దూరం వచ్చిందని చూడకుండా, వాళ్ల నమూనా ఇప్పుడే తీయించమని దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి.