గొట్టంలో మిగిలేది సున్నం

2025 దీపావళికి భోపాల్‌లో ఎందరో పిల్లలు కళ్లు కాల్చుకుని ఆసుపత్రుల పాలయ్యారు. టపాసులతో కాదు, కార్బైడ్ గన్‌తో. పీవీసీ గొట్టం, కార్బైడ్ ముక్క, కాసిన్ని నీళ్లు, గ్యాస్ లైటర్: సరంజామా అంతే.

కార్బైడ్ మనకు కొత్తేం కాదు. దొంగచాటుగా మామిడికాయలు మగ్గేసేది దాంతోనే. నీళ్లు తగిలితే అసిటిలీన్ పుడుతుంది. గాలిలో ఈ వాయువు 2.5 శాతం ఉన్నా అంటుకుంటుంది, 80 శాతం ఉన్నా అంటుకుంటుంది. లైటర్ నొక్కినా పేలలేదంటే తుస్సుమన్నట్టు కాదు, లోపల వాయువు ఇంకా ఊరుతూనే ఉందన్నమాట. సరిగ్గా అప్పుడే పిల్లాడు గొట్టానికి కన్ను ఆనించి చూస్తాడు.

మంట, దెబ్బ సరే. అసలు దొంగ మూడోది. బళ్లో కార్బైడ్, నీళ్లు కలిసే సమీకరణం చెప్పేటప్పుడు అసిటిలీన్ కింద గీత గీసి, పక్కనున్న కాల్షియం హైడ్రాక్సైడ్‌ను గాలికొదిలేస్తాం. అది అచ్చంగా సున్నం! పేలుడు దాన్ని కంట్లోకి చిమ్ముతుంది.

యాసిడ్ పడితే కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) పైన ప్రోటీన్లు నిమ్మరసం పిండిన పాలలా విరిగి గడ్డకడతాయి; ఆ గడ్డే కొంత అడ్డుకుంటుంది. సున్నం క్షారం కదా, కణాల పొరల్లోని కొవ్వును సబ్బుగా మార్చేసి లోపలికి దిగిపోతుంది. పైగా లీటరు నీళ్లలో రెండు గ్రాములైనా కరగదు. కరగని రవ్వ పైరెప్ప కింద అతుక్కుని, పీహెచ్ 12 దాటిన సున్నపుతేటను కన్నీళ్లలోకి వదులుతూనే ఉంటుంది. నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలు చచ్చిపోతే కార్నియాకు కొత్త పొర రాదు. తెల్లగుడ్డు మీది పొర రక్తనాళాలతో సహా పాకి కప్పేస్తుంది. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ ఆసుపత్రి వైద్యులు 2012లో ప్రచురించిన 'స్లెట్' పద్ధతిలో, బాగున్న కంటి అంచు నుంచి చిన్న తునక తీసి, ముక్కలు చేసి, పాడైన కంటి మీద నాటుతారు. రెండు కళ్లూ కాలితే ఆ తునక ఎక్కణ్నుంచి తెస్తారు?

అందుకే సున్నం పడిన క్షణమే, రెప్పలు విడదీసి, మంచినీళ్ల ధార కింద కనీసం పావుగంట, వీలైతే అరగంట కడగాలి. ఆసుపత్రికి ఆ తర్వాతే. రెప్ప తిరగేసి రవ్వ ఏరడం డాక్టర్ పని. చనుబాలు, నందివర్ధనం రసం అంటూ పెద్దవాళ్లు తెచ్చేవన్నీ ఆ పావుగంటను మింగేస్తాయి. కిళ్లీ సున్నం పొట్లం పిల్లల మొహాన చిట్లినా ఇదే వైద్యం.

పెంకు ఏదైనా గుచ్చుకుని ఉంటే మాత్రం పీకొద్దు, నలపొద్దు, కన్ను నొక్కొద్దు. కంటికి తగలకుండా పేపర్ కప్పు బోర్లించి, చుట్టూ టేపు వేసి తీసుకెళ్లండి.